చక్రం నట్టు, బ్రేకు డిస్కు, మధ్యలో కనిపించని ఒక అంకె: కార్ల తయారీదారుల సంఘానికి బహిరంగ లేఖ

సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆటోమొబైల్ మాన్యుఫ్యాక్చరర్స్ అధ్యక్షులకు, సభ్య సంస్థల ఇంజినీర్లకు,



మీ సభ్య సంస్థలు అమ్మే కార్లలో చాలావాటికి డ్రైవరు వైపు తలుపు తెరిస్తే, స్తంభం మీద ఒక చిన్న స్టిక్కర్ కనిపిస్తుంది. ముందు టైర్లలో గాలి ఎంత, వెనక టైర్లలో ఎంత, కారు నిండా మనుషులుంటే ఎంత అన్నది అందులో ఉంటుంది. పెట్రోలు బంకులో గాలి పట్టే కుర్రాడు ఆ అంకె చూసే గాలి పడతాడు. అదే చక్రాన్ని విప్పి బిగించేవాడికి కావలసిన అంకె మాత్రం కారు మీద ఎక్కడా కనిపించదు. వీల్ నట్టును ఎంత బలంతో బిగించాలో మీ ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీల్లో ఎక్కడో చెబుతారు. ఆ మాన్యువల్ కారు కొన్నరోజే ప్లాస్టిక్ కవరుతో సహా డ్యాష్‌బోర్డు అరలోకి వెళ్తుంది. చాలా ఇళ్లలో మళ్లీ కారు అమ్మేరోజు దాకా బయటికి రాదు.

నట్లు వదులైతే చక్రం ఊడిపోతుందన్న భయం అందరికీ ఉంది. నట్లు హెచ్చుతగ్గులుగా బిగిస్తే బ్రేకు డిస్కు పాడవుతుందన్న సంగతి మాత్రం కారు నడిపేవారిలో ఎందరికో తెలియదు, బిగించేవారిలోనూ చాలామందికి తెలియదు. ఈ లేఖ దాని గురించే.

ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. హైవే మీద వందలో పోతూ బ్రేకు మీద కాలు వేస్తే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. పెడలు పాదం కింద కొట్టుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి, ‘డిస్కు బెండయింది సార్, మార్చాల్సిందే’ అంటాడు. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు, వేలల్లో బిల్లు. కొన్ని నెలల తర్వాత మళ్లీ అదే వణుకు. ఈసారి పార్టు నాసిరకమని కంపెనీని తిట్టుకుంటారు. మధ్యలో ఒకసారి పంక్చరు పడిందనీ, మరోసారి టైర్లు ముందువి వెనక్కి మార్పించారనీ, అలైన్‌మెంటుతో పాటు బ్యాలెన్సింగ్ చేయించారనీ ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అంటే ఈలోగా ఆ చక్రాలు రెండు మూడుసార్లు ఊడివచ్చాయి, రెండు మూడుసార్లు ఎవరి చేతివాటాన్ని బట్టి వాళ్లు బిగించారు.

మీ ఇంజినీర్లకు తెలిసిన విషయమే అయినా, ఈ లేఖ చదివే మిగతావారి కోసం చక్రం లోపల ఏముందో చెప్పాలి. చక్రం విప్పితే ఇనుప పళ్లెంలాంటి డిస్కు కనిపిస్తుంది. దాని మధ్య భాగం టోపీలా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ టోపీలోని రంధ్రాల్లోంచి నాలుగో అయిదో స్టడ్లు, అంటే మరలున్న కడ్డీలు, బయటికి పొడుచుకు వస్తాయి. ఆ స్టడ్లు లోపలున్న హబ్‌వి. చాలా కార్లలో డిస్కును హబ్‌కు పట్టి ఉంచే పెద్ద బోల్టులేవీ విడిగా ఉండవు. ఉంటే ఒకటో రెండో చిన్న స్క్రూలు ఉంటాయి. అవి కూడా చక్రం లేనప్పుడు డిస్కు జారిపోకుండా ఆపేందుకే. హబ్‌కూ చక్రానికీ నడుమ ఇరుక్కుని ఉండటమే డిస్కుకున్న బిగింపు. చక్రాన్ని బిగించే నట్టే డిస్కునూ బిగిస్తుంది. కాబట్టి పంక్చరు వేసి చక్రం ఎక్కించే మనిషి, తనకు తెలియకుండానే, బ్రేకుల పని కూడా చేస్తున్నాడు.

ఆ ఇరుకులో ఉండే ఒత్తిడి చిన్నదేమీ కాదు. బిగింపును కొలిచేది న్యూటన్ మీటర్లలో. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, మరలు పొడిగా ఉన్నప్పుడు, ఒక్కో నట్టు దాదాపు 4 టన్నుల బలంతో నొక్కుతుంది. నాలుగు నట్లు కలిస్తే 16 టన్నులు. బండి బరువును మోసేది స్టడ్లేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ నొక్కుడు వల్ల చక్రానికీ డిస్కుకూ హబ్‌కూ మధ్య పుట్టే రాపిడే బరువును మోస్తుంది, బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని ఆపుతుంది.

ఇప్పుడు ఒక నట్టు 60కి, దాని పక్కది 250కి బిగిశాయనుకోండి. టోపీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ నొక్కుకుంటుంది. పోత ఇనుము గట్టిదే కానీ అన్ని టన్నుల తేడాకు కొద్దిగా వంగకుండా ఉండదు. ఆ వంపు మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. మధ్యలో వచ్చిన ఆ కాస్త వంపు అంచుకు చేరేసరికి పెరుగుతుంది. తిరిగే డిస్కు అంచు అటూ ఇటూ ఊగడానికి చాలా కార్ల కంపెనీలు ఇచ్చే హద్దు 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. తల వెంట్రుక మందం సుమారు 0.07. హద్దుకూ తప్పుకూ మధ్య ఉన్న జాగా అంతే.

ఊగినంత మాత్రాన ఆ రోజే వణుకు రాదు. ఈ వ్యవహారంలో అసలు మోసం ఇక్కడే ఉంది. డిస్కుకు రెండువైపులా ఉండే ప్యాడ్లు బ్రేకు వదిలాక పెద్దగా వెనక్కి జరగవు. పిస్టను చుట్టూ ఉండే రబ్బరు సీలు తన సాగుడు కొద్దీ వాటిని వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది, అంతే. ఊగే డిస్కు మీద ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టులో ప్యాడును ఒకసారి రాసుకుంటూ పోతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ చక్రం కిలోమీటరుకు దాదాపు 500 చుట్లు తిరుగుతుంది. 5,000 కిలోమీటర్లకు 25 లక్షల రాపిడులు. బ్రేకు వేయకపోయినా అదే చోట ఇనుము అరుగుతుంది, లేదా ప్యాడు పదార్థం పూతలా అంటుకుంటుంది. మెల్లగా డిస్కు ఒకచోట పలచబడుతుంది, ఒకచోట మందంగా మిగులుతుంది. ఆ మందం తేడా 0.02 మిల్లీమీటరు దగ్గరికి వచ్చేసరికి బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు పట్టు తప్పి పట్టు చిక్కించుకుంటూ ఉంటాయి. వంద వేగంలో అది సెకనుకు 14 సార్లు. చేతుల్లోకి వచ్చే వణుకు అదే.

అంటే తప్పు జరిగిన రోజుకూ అది బయటపడే రోజుకూ మధ్య వేల కిలోమీటర్ల దూరం ఉంది. ఈలోగా నట్లు బిగించిన మనిషిని కారు యజమాని మరిచిపోయి ఉంటాడు. వణుకు మొదలయ్యాక నట్లు విప్పి సరిగ్గా బిగించినా డిస్కు ఊగడం ఆగుతుందేమో కానీ, అరిగిన ఇనుము తిరిగి రాదు. డిస్కును లేత్ పట్టించాలి, లేదా మార్చాలి. మార్చిన కొత్త డిస్కును మళ్లీ నట్లు బిగించే అదే గాలి గన్నుతో అదే తీరున బిగిస్తే కథ మొదటికి వస్తుంది.

‘డిస్కు బెండయింది’ అన్న మాట మీద కూడా రెండు ముక్కలు చెప్పాలి. బ్రేకుల వేడికి డిస్కు పెనం మీద అట్టులా వంకరపోతుందని చాలామంది నమ్మకం. క్యారల్ స్మిత్ అనే అమెరికన్ రేసింగ్ ఇంజినీరు ఈ నమ్మకం మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. 1960లలో ల మాన్స్ రేసులు గెలిచిన ఫోర్డ్ జీటీ 40 కార్యక్రమంలో పనిచేసినవాడాయన. ‘వంకరపోయింది’ అని తన దగ్గరికి వచ్చిన డిస్కుల్లో ఆయనకు కనిపించింది వంపు కాదు, ప్యాడు పదార్థం హెచ్చుతగ్గులుగా అంటుకుని ఏర్పడిన మచ్చలు. ఆ మచ్చల కింద వేడి మరీ పెరిగితే పోత ఇనుములోనే సిమెంటైట్ అనే మరింత గట్టి పదార్థం ఏర్పడుతుందని, దాన్ని రుద్ది వదిలించడం కుదరదని కూడా ఆయన వివరించారు. ఈ లేఖ వణుకులన్నిటినీ నట్ల మీద నెట్టడం లేదు. కొత్త ప్యాడ్లను డిస్కుకు సరిగా అలవాటు చేయకపోయినా, వేడెక్కిన బ్రేకును నొక్కిపట్టి సిగ్నలు దగ్గర నిలిచినా మచ్చలు పడతాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్లలో హబ్ మీద పట్టిన తుప్పు పెచ్చు ఒక్కటి డిస్కు కింద ఇరుక్కున్నా చాలు, అది ఊగుతుంది. అయితే వీటన్నిటిలోకీ తేలిగ్గా, ఖర్చు లేకుండా ఆపగలిగినది నట్ల బిగింపే.

ఇక బిగించేచోటుకు వద్దాం. హైదరాబాద్, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మీద ఏ టైరు షాపు ముందైనా కాసేపు నిలబడితే చాలు. కంప్రెసరు గుర్రుమంటూ ఉంటుంది. ఒక లారీ, దాని వెనక ఒక కారు. కుర్రాడు జాకీ ఎక్కించి, గన్ను పెట్టి, క్షణాల్లో నట్లు ఊడదీస్తాడు. పంక్చరు వేశాక చక్రం ఎక్కించి, పైనున్న నట్టుతో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగినట్టు వరసగా గన్ను కొడుతూ పోతాడు. ఒక్కో నట్టు దగ్గర గన్ను రెండు మూడు సెకన్లు ఎక్కువే మోగుతుంది. ఆఖర్న పానా పెట్టి దాని మీద కాలితో ఒక తొక్కు తొక్కుతాడు. కారాయన తృప్తిగా డబ్బులిస్తాడు, ఎందుకంటే ఆ తొక్కుడు ఆయనకు భరోసా.

ఆ కుర్రాడిని తప్పుపట్టడం అన్యాయం. ముందున్న లారీ నట్టుకు 500, 600 న్యూటన్ మీటర్లు కావాలి. వెనకున్న కారుకు వంద చాలు. రెండింటికీ అతని చేతిలో ఉన్న గన్ను ఒకటే. ఏ బండికి ఎంత అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పే కాగితం బండి మీద లేదు. అతని గురువు నేర్చుకున్న కాలంలో అంబాసిడర్ నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. డ్రమ్ములో బ్రేకు వదలగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి, కాబట్టి డ్రమ్ము కాస్త అటూ ఇటైనా తిరుగుతున్నప్పుడల్లా రాసుకోదు. గట్టిగా తొక్కి బిగించడం ఆ రోజుల్లో మంచి పనివాడి లక్షణం. డిస్కులు వచ్చాక ఆ లక్షణమే బ్రేకుకు శత్రువైంది. ఆ మార్పును షాపుల దాకా చేరవేయవలసిన బాధ్యత డిస్కులు పెట్టి బండ్లు అమ్మినవారిది.

గన్ను ప్రపంచంలో ఎవరి చేతిలోనైనా గురి తప్పవచ్చు. 2021 మొనాకో గ్రాండ్ ప్రి ఫార్ములా వన్ రేసులో వాల్తెరి బొటాస్ నడిపిన మెర్సిడెస్ కారు టైర్లు మార్చుకోవడానికి పిట్‌లోకి వచ్చింది. గన్ను సరిగా కూర్చోకపోవడంతో ముందు కుడి చక్రం నట్టు అంచులు క్షణంలో కొరుక్కుపోయాయి. ఆ చక్రం ఇక ఊడి రాలేదు. రెండో స్థానంలో ఉన్న కారు అక్కడే రేసు నుంచి తప్పుకుంది. చక్రాన్ని ఇంగ్లండులోని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాకే విప్పగలిగారు. లోకంలోకెల్లా నిపుణులైన మెకానిక్‌లకే గన్ను ఒక్కోసారి అలా చేస్తే, రోజంతా ఎండలో నిలబడి పనిచేసేవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. తబలా శ్రుతి చేసేవాడు ఒక పక్క కొట్టగానే ఎదురు పక్కకు వెళ్తాడు. నట్లూ అంతే. నాలుగుంటే అడ్డంగా ఎదురెదురు, అయిదుంటే చుక్క ముగ్గులో నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. చేత్తో కూర్చోబెట్టి, ముందు సగం బలానికి అన్నిటినీ తేవాలి. తర్వాత జాకీ దించి, చక్రం నేలకు ఆనాక, పూర్తి బలానికి క్లిక్ రెంచితో, అంటే పెట్టిన అంకె రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచితో, ముగించాలి. రెంచి ‘టక్’ అనగానే ఆపాలి. ఇంకోసారి లాగకూడదు. మరలకు నూనె, గ్రీజు రాయకూడదు. బిగించే బలంలో దాదాపు పదో వంతే స్టడ్డును లాగుతుంది, మిగతాదంతా రాపిడికే పోతుంది. నూనె రాస్తే ఆ రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర స్టడ్డు చాలా ఎక్కువ సాగుతుంది. తుప్పు పట్టకుండా ఉంటుందని మంచి మనసుతో గ్రీజు రాసేవారు ఎందరో ఉన్నారు. శ్రీశైలం ఘాటు దిగుతూ పంక్చరైతే డిస్కు కాలిపోతూ ఉంటుంది. అప్పుడు బిగించిన నట్లను చల్లారాక మళ్లీ చూసుకోవాలి.

అంకెలు కూడా బండికి ఒకటి. టొయోటా కార్లలో చాలావాటికి 103, హోండా కార్లకు 108, పాత మారుతి స్విఫ్ట్‌కు 85, నట్లకు బదులు బోల్టులు వాడే ఫోక్స్‌వాగన్ పోలోకు 120. ఇవి గుర్తుపెట్టుకోవలసిన పని టైరు షాపువాడిది కాదు. మీరు బండితో ఇచ్చే పానానే చూడండి. దాని పిడి పొడవు పావు మీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పావు మీటరు పిడితో 103 న్యూటన్ మీటర్లు రావాలంటే చివర 42 కిలోల బరువుతో నొక్కాలి. సన్నపాటి మనిషి చేతులతో అంత నొక్కలేడు. అందుకే ఎక్కి నిలబడతారు. 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే అది 170 దాటుతుంది. దానికి పైపు తొడిగి అర మీటరు చేస్తే 340. మీ పానాతో సరైన అంకె రాబట్టే దారి కొన్నవారికి లేదు.

జపాన్‌లో చలికాలం ముందు లారీలకు మంచు టైర్లు వేస్తారు. ఆ నెలల్లోనే చక్రాలు ఊడిన ప్రమాదాలు ఎక్కువగా నమోదవుతున్నాయని అక్కడి రవాణా శాఖ గుర్తించింది. టైరు మార్చాక 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచి మళ్లీ నట్లు సరిచూడాలని ఏటా ప్రచారం చేస్తోంది. అక్కడ భయం వదులు నట్టుది, ఇక్కడ జబ్బు అతి బిగింపుది. రెండింటికీ మందు కొలిచి బిగించడమే. అతిగా లాగిన స్టడ్డు కూడా సాగి, పట్టు కోల్పోయి, చివరికి విరుగుతుంది. అప్పుడూ ఊడేది చక్రమే.

ఈ లేఖ మిమ్మల్ని కోరేవి ఇవి. మొదటిది, గాలి ఒత్తిడి రాసే స్టిక్కరు మీదే వీల్ నట్టు అంకె పెద్ద అక్షరాల్లో వేయండి. పక్కన నట్లు బిగించే వరుస బొమ్మగా గీయండి, 1, 2, 3, 4 అంకెలతో. మన టైరు షాపుల్లో పనిచేసేవారిలో తెలుగు చదవలేనివారూ ఉన్నారు, ఇంగ్లీషు చదవలేనివారూ ఉన్నారు. అంకె, బొమ్మ అందరికీ అర్థమవుతాయి. ఇప్పటికే రోడ్ల మీదున్న బండ్లకు సర్వీసుకు వచ్చినప్పుడు అంటించండి. ఖర్చు రూపాయల్లో ఉంటుంది. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు బండ్లు చేస్తున్నాయి. అక్కడ లైను మీద ప్రతి నట్టునూ కొలిచే బిగిస్తారు. ఫ్యాక్టరీ గేటు దాటగానే ఆ కొలత ఆగిపోవడానికి కారణమేమీ లేదు.

రెండోది మీ సొంత సర్వీసు సెంటర్ల సంగతి. చాలాచోట్ల క్లిక్ రెంచి గోడకు వేలాడుతూనే ఉంటుంది, నట్లు మాత్రం గన్నుతో ముగుస్తాయి. చక్రాలు విప్పిన ప్రతిసారీ జాబ్ కార్డులో ఎంతకు బిగించారో రాసి, బిగించినవాడు సంతకం చేయాలి. ఊరికే రెంచి కొంటే సరిపోదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789 ప్రకారం దాన్ని ఏడాదికోసారి, లేదా 5,000 బిగింపులకోసారి సరిచూడాలి. రోజుకు 20 చక్రాలు, చక్రానికి నాలుగు నట్లు చూసే సెంటరులో రెండు మూడు నెలల్లోనే 5,000 దాటుతాయి. రెండు మూడు నెలలకోసారి రెంచి సరిచూపిస్తున్న సెంటర్లు మీ లెక్కల్లో ఎన్ని ఉన్నాయో బయటపెట్టండి.

డిస్కులు మార్చే ముందు డయల్ గేజితో ఊగుడు కొలవడం కూడా తప్పనిసరి చేయండి. హబ్ శుభ్రం చేసి, నట్లు ఎదురెదురుగా కొలిచి బిగించి, గేజి పెట్టి, ఆ కొలత బిల్లు మీద రాయడానికి పావుగంట కూడా పట్టదు. వారంటీలో డిస్కు అడిగిన కస్టమరును ‘ఇది అరుగుదల, వారంటీ రాదు’ అని తిప్పి పంపేముందు ఆ కొలత చూపించండి. తప్పు పార్టుదా, బిగింపుదా అన్నది అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది.

మూడోది టైరు కంపెనీలతో కలిసి చేయవలసిన పని. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, చిన్నపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీలున్నాయి. వాటి డీలరు షాపులే పల్లెల దాకా విస్తరించి ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని ఒంటిగది షాపు దాకా, ఒక్కో షాపుకు ఒక క్లిక్ రెంచి, అన్ని మోడళ్ల అంకెలతో ఒక గోడ చార్టు, అరపూట శిక్షణ ఇవ్వండి. గన్నును పూర్తిగా మానమని ఎవరూ అడగడం లేదు. విప్పడానికి, నట్టును కూర్చోబెట్టడానికి అది బాగానే పనికొస్తుంది. ఆఖరి బిగింపు మాత్రం చేతి రెంచిదే కావాలి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్లు చదివిన కుర్రాళ్లు టార్క్ రెంచిని చూసే బయటికి వస్తున్నారు. పనిలో చేరిన షాపులో అది లేకపోవడం వల్లే మరిచిపోతున్నారు.

బయట కొని వేయించుకునే అల్లాయ్ చక్రాల విషయం విడిగా తేల్చాలి. స్టీలు చక్రం నట్టు, అల్లాయ్ చక్రం నట్టు ఒక్కోసారి ఒకే ఆకారంలో ఉండవు. కొన్నిటికి అంచు శంకువులా ఉంటుంది, కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి బల్లపరుపుగా వాషరుతో ఉంటుంది. ఆకారం కలవకపోతే అంకె సరిగ్గా ఉన్నా నొక్కుడు సరిగ్గా పడదు. ఏ చక్రానికి ఏ నట్టు, ఏ అంకె అన్నది మీ సభ్య సంస్థలు మోడలు వారీగా ఒక చోట ప్రకటిస్తే, చక్రాలు అమ్మే దుకాణాలు దాన్ని పాటించాలని వినియోగదారులు అడగగలుగుతారు. ఈ ఏడాది విడుదలయ్యే మోడళ్లతోనే ఆ జాబితా మొదలుపెట్టగలరా, లేదా అన్నదానికి మీ సంఘం నుంచి బహిరంగంగా సమాధానం కావాలి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల కారు వినియోగదారుల పక్షాన